పనిచోటి ధూళి – ఉబ్బసవ్యాధి చరిత్ర

మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున వెలువడు ఈ సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి వ్రాసి యీయవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. రాజుల చరిత్రలను, కోటల చరిత్రలను వ్రాయుటకు పండితులు కలరు. నేను లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. మా తాతగారు కరణీకము చేసిరి. 1984లో ఆ పదవులు రద్దయిన తరువాత కూడ మా యింటిని కరణముగారి యిల్లనియే గ్రామస్థులు పిలుచుచున్నారు. నేను చదివిన నాలుగు కావ్యములును బడిలో చదివినవి కావు, ఈ గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి చదివినవి. అందుచే నా వృత్తికిని, మన గ్రామ జీవనమునకును దగ్గరగా నున్న విషయము నొకదానిని ఎన్నుకొంటిని. పనిచేయుచోట పీల్చు ధూళివలన మనుష్యునకు ఉబ్బసము కలుగునను సత్యమును లోకము ఎట్లు తెలిసికొన్నది, ఎంత ఆలస్యముగా తెలిసికొన్నది అనునదే యీ వ్యాస విషయము.

ఈ విషయమునే యేల ఎన్నుకొంటినో మొదట చెప్పుకొనవలెను. యౌవనమున నేను పదునాలుగేండ్లు ఒక ధాన్యపు మిల్లులో గుమాస్తాగా నుంటిని. హాజరు పట్టీ వ్రాయుట, నాగాలు లెక్కించుట, శనివారము కూలి పంచుట నా పనులు. జల్లెడకడ పనిచేయు నొక మనిషి ఉండెడివాడు. బస్తా నెత్తుటలో అతనికి సాటివచ్చువాడు ఆ మిల్లులో లేడు. మొదటి మూడు నాలుగేండ్లు ఒక్క నాగాయైన లేకుండ పనిచేసెను. అటుపిమ్మట అతనికి తుమ్ములు, ముక్కు కారుట, కన్నుల దురద పట్టుకొన్నవి. మరుసటి యేడు రాత్రివేళ ఆయాసము, పిల్లికూతలు మొదలైనవి. వారము కడపట ఒకటి రెండు దినములు పనికి రాలేకపోయెడివాడు. నేను పట్టీలో ఆ దినములకు ఎదురుగా "సోమరితనము" అని వ్రాసి, యజమాని చెప్పినట్లు కూలి తగ్గించితిని. "గుమాస్తాగారూ, మిల్లులో అడుగుపెడితే రొమ్ము బిగిసిపోతున్నదండి" అని అతడు రెండు మూడు సారులు నాతో చెప్పెను. నేను వినలేదు. భారతమును వ్రాయుటకు గణపతి పూనుకొన్నపుడు, అర్థము గ్రహింపక లేఖిని కదల్పరాదని వ్యాసమహర్షి నియమము పెట్టెనని మనము చదువుకొన్నాము. నేను అర్థము గ్రహింపకయే పదునాలుగేండ్లు వ్రాసితిని. ఈ వ్యాసము ఆ దోషమునకు కొంత ప్రాయశ్చిత్తము.

ఇక చరిత్రకు వత్తము.

మన పూర్వులు ఈ వ్యాధి నెరుగనివారు కారు. చరకసంహితలోని చికిత్సాస్థానమున వెక్కిళ్లను, శ్వాసరోగములను గూర్చి చెప్పు అధ్యాయ మొకటి కలదు. అందు శ్వాసరోగములు అయిదు విధములుగా విభజింపబడినవి: మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస. వీనిలో తమకశ్వాస మనము ఉబ్బసమని పిలుచు వ్యాధికి సరిపోవును. పండుకొన్నచో రోగికి బాధ హెచ్చుననియు, కూర్చున్నచో కొంత ఉపశమించుననియు, మబ్బు పట్టిన దినములలోను, చలిలోను, తూర్పుగాలి వీచినపుడును ముదురుననియు చరకుడు వర్ణించెను. అంతకంటె గమనింపదగిన దేమనగా, ఈ రోగములకు కారణములను ఎన్నుచు ధూళిని, పొగను, గాలిని ఆయన స్పష్టముగా పేర్కొనెను. గ్రీకు వైద్యులు ఈ వ్యాధికి పెట్టిన 'ఆస్త్మా' అను పేరునకు కూడ రొప్పుట యనియే అర్థము.

అయితే ధూళి చెడ్డదని తెలియుట వేరు, ఏ ధూళి ఏ పనివానిని ఎట్లు బాధించునో వెదకుట వేరు. ఆ రెండవ పనికి పూనుకొన్న మహనీయుడు ఇటలీ దేశీయుడగు బెర్నార్డీనో రామజ్జీనీ. ఆయన 1633లో కార్పీ యను పట్టణమున జన్మించెను. మోడెనా నగరమున వైద్యాచార్యుడుగా నుండి, పిమ్మట పాడువా విశ్వవిద్యాలయమునకు పిలువబడెను. మోడెనాలో ఒకనాడు తన యింటి మలకూపమును శుభ్రపరచుచు ఊపిరి సలుపకుండ తొందరపడుచున్న పనివానిని చూచి, ఆయన దగ్గరకు పోయి, ఏల ఇంత తొందర యని అడిగెను. ఎక్కువసేపు అందుండినచో కన్నులు పోవునని ఆ పనివాడు బదులు చెప్పెను. పండితుడొకడు పాకీపనివానిని పలుకరించి, అతని మాటను శాస్త్రముగా స్వీకరించుట ఆ కాలమున సామాన్య విషయము కాదు. ఆ సంభాషణమే ఆయనను ఒక గొప్ప గ్రంథమునకు పురికొల్పెను. పనివారల వ్యాధులను గూర్చి లాటిను భాషలో ఆయన రచించిన ఆ గ్రంథము 1700లో మోడెనాలో అచ్చయినది. నలుబదికి పైగా వృత్తులను ఆయన అందు పరిశీలించెను. మరికొన్ని వృత్తులను చేర్చి 1713లో రెండవ కూర్పును వెలువరించెను. 1714లో పరమపదించెను.

ఆ గ్రంథమున ధాన్యమును జల్లించువారిని, కొలుచువారిని గూర్చి ప్రత్యేకమైన అధ్యాయము కలదు. నిలువయున్న ధాన్యమును కదల్చినపుడు లేచు ధూళి వారి గొంతును, కన్నులను, ఊపిరితిత్తులను బాధించుననియు, వారికి ఆయాసము కలుగుననియు, వారిలో వార్ధక్యమునకు చేరువారు అరుదనియు రామజ్జీనీ వ్రాసెను. అన్నమువంటి మేలైన పదార్థమునుండి ఇంతటి కీడెట్లు పుట్టుచున్నదని ఆశ్చర్యపడి, కంటికి కానరాని సూక్ష్మక్రిములేవైన ఆ ధూళిలో ఉండవచ్చునని అనుమానించెను. నిలువ ధాన్యమున సూక్ష్మదర్శినికి గాని కనబడని పురుగులు కలవనియు, వాని విసర్జనములు కూడ ఉబ్బసమునకు కారణములలో నొకటి యనియు తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చిరి. పిండి మరల పనివారిని, రొట్టెలు కాల్చువారిని, జనపనార, పట్టు చిక్కుదీయువారిని గూర్చియు ఆయన వ్రాసెను.

రామజ్జీనీ వైద్యలోకమునకు ఇచ్చిన మహోపదేశము ఒక ప్రశ్న. వైద్యుడు పేదవాని యింటికి పోయినపుడు అచ్చటనున్న మామూలు బల్లమీదనే కూర్చుండి, తొందరపడక రోగిని పలుకరింపవలెననియు, పూర్వులు చెప్పిన ప్రశ్నలకు తోడు "నీవు ఏమి పని చేయుదువు?" అను ప్రశ్నను తప్పక చేర్చవలెననియు ఆయన శాసించెను. మూడువందల యేండ్లు గడచినను ఆ ప్రశ్న అడుగని వైద్యుని సందర్శనము అసంపూర్ణమే యగును. మా మిల్లు మనిషి నాటువైద్యుని చూచెను, పట్టణపు వైద్యుని చూచెను, రెండు మ్రొక్కులు చెల్లించెను. ఆ ప్రశ్నను ఆతని నడిగినవారు ఒక్కరును లేరు.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో యంత్రములు వచ్చినవి. చేతిజల్లెడ లేపు ధూళి యెంత, ఆవిరియంత్రము లేపు ధూళి యెంత! లీడ్సు పట్టణపు వైద్యుడు ఛార్లెసు టర్నరు థాక్రా 1831లో వృత్తులవలన కలుగు వ్యాధులను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆ యేడే మాంచెస్టరునందు జేమ్సు ఫిలిప్సు కే యను వైద్యుడు నూలుమిల్లు పనివారి దగ్గును, ఆయాసమును వర్ణించెను. 1877లో ఫ్రెంచి వైద్యుడగు ఆడ్రియను ప్రూస్టు ప్రత్తి, అవిసెనార ధూళివలన కలుగు వ్యాధికి 'బిస్సినోసిసు' అను పేరు నిలిపెను. ఈ వ్యాధికి వింత లక్షణ మొకటి కలదు. ఆదివారపు సెలవు గడిపి సోమవారము పనికి వచ్చిన దినముననే రొమ్ము బిగియును, తరువాతి దినములలో తేలికపడును. వ్యాధి ముదిరినకొలది వారమంతయు బాధించును. రిచర్డు షిల్లింగు అను ఆంగ్ల వైద్యుడు 1950 ప్రాంతముల లాంకషైరు మిల్లులలో దీనిని తరగతులుగా విభజించి చూపెను. ప్రత్తి పండించి, గింజ తీయు మిల్లులు నడుపు గుంటూరు, వరంగల్లు, ఆదిలాబాదు ప్రాంతములవారికి ఈ విషయము పరాయిది కాదు.

ఇచ్చట నొక భేదమును గుర్తింపవలెను. ప్రత్తిధూళి వ్యాధి వారము మొదట హెచ్చుగా నుండును. ధాన్యపు ధూళి, పిండి మొదలగువానివలన కలుగు అసలైన ఉబ్బసము సాధారణముగా పనిదినములు గడచినకొలది హెచ్చి, సెలవులలో తగ్గును. ఈ సంగతి తెలిసిన తరువాతనే మా మిల్లు హాజరు పట్టీ నా మనస్సునకు మరల వచ్చినది.

ఇక కొందరికే ఈ బాధ కలుగుట యేల? ఒకే జల్లెడకడ పదిమంది పనిచేయగా తొమ్మిదిమంది బాగుండి ఒకడు రోగియగుట యెట్లు? ఈ చిక్కును విప్పుటకు మరికొంత కాలము పట్టినది. మాంచెస్టరు వైద్యుడు ఛార్లెసు బ్లాక్లీ పుప్పొడిని తన చర్మముమీదనే ప్రయోగించి చూచుకొని, 1873లో తన ఫలితములను ప్రకటించెను. 1906లో వియన్నా వైద్యుడగు క్లెమెన్సు ఫన్ పిర్కే 'అలర్జీ' అను మాటను సృష్టించెను. 1966లో అమెరికాలో ఇషిజాకా దంపతులును, 1967లో స్వీడనునందు యోహాన్సన్, బెన్నిక్ అను శాస్త్రజ్ఞులును రక్తమునందలి ఐజీ–ఇ అను పదార్థమును వేర్వేరుగా కనుగొనిరి. దీనిని మనకు తెలిసిన రీతిని చెప్పవలెనన్న, శరీరమను ఇంటికి కావలివాండ్రు కలరు. పిండిధూళివంటి నిరపాయమైన వస్తువును కొందరి కావలివాండ్రు దొంగగా పొరబడి గుర్తుపెట్టుకొందురు. ఆ గుర్తు పడుటకు కొన్ని వారములు పట్టవచ్చును, కొన్ని యేండ్లును పట్టవచ్చును. అంతవరకు పనివానికి బాధయే లేదు. గుర్తు పడిన పిమ్మట చిటికెడు ధూళియైనను చాలును, ఊపిరిగొట్టములు ముడుచుకొనిపోవును. "ఇన్నేండ్లు లేని ఉబ్బసము ఈ పనివలన ఇప్పుడెట్లు వచ్చును?" అని మనవారడుగు ప్రశ్నకు ఇదియే సమాధానము. మరియు, కొందరికి బాధ పనిచోట గాక, పని ముగిసిన కొన్ని గంటలకు, ఇంటికి చేరి పండుకొన్న తరువాత వచ్చును. అందుచే నేరము మిల్లుపై పడక రాత్రి చలిపైనను, తిన్న పెరుగుపైనను పడుచుండును.

ఇరువదవ శతాబ్దమున ఇట్టి దృష్టాంతములు వరుసగా వెల్లడియైనవి. 1928లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున టొలీడో పట్టణమునందు ఆముదపు గింజల మిల్లు పరిసరములలో నివసించువారికి ఉబ్బసము వచ్చుచుండుటను ఫిగ్లీ, ఎల్రాడు అను వైద్యులు కనిపెట్టి, ఆ గింజల ధూళియే కారణమని నిరూపించిరి. ఆముదపు పంటకు పేరుగాంచిన మహబూబునగరు, నల్లగొండ ప్రాంతములవారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనదగును. 1945లో ఇంగ్లండునందు ప్లాటినము శుద్ధిచేయు కర్మాగారములలో ఆ లోహలవణములు పనివారిలో చాలమందికి ఉబ్బసము కలిగించుట బయటపడెను. 1951లో ఫ్రాన్సునందు ఐసోసైనేట్లు అను రసాయనములవలన వచ్చిన ఉబ్బసము మొదటిసారిగా వర్ణింపబడెను. నురుగు పరుపుల తయారీలోను, మోటారు వాహనములకు చల్లు కొన్ని రంగులలోను ఈ రసాయనములు కలవు. పట్టణములకు పోయి రంగులు చల్లు షెడ్లలో పనిచేయుచున్న మన గ్రామపు యువకులు ఈ పేరు నెరిగియుండుట మంచిది.

చరిత్ర రోగములను మాత్రమే కాదు, నివారణలను కూడ చెప్పుచున్నది. ఈ వ్యాసమున పాఠకులు ముఖ్యముగా గ్రహింపవలసినది ఈ భాగమే. 1960 తరువాత బట్టలుతుకు పొడులలో ఎంజైములు కలుపుట మొదలిడిరి. ఆ కర్మాగారములలోని పనివారికి ఉబ్బసము వచ్చుచున్నదని 1969లో ఇంగ్లండు వైద్యులు ప్రకటించిరి. తయారుచేయువారు ఆ ఎంజైములకు పైపూత వేసి, ధూళిగా ఎగురని పలుకులుగా మార్చిరి, యంత్రములను మూసివైచిరి. రోగుల సంఖ్య మిక్కిలి తగ్గిపోయినది. రెండవ దృష్టాంతము స్పెయిను దేశమందలి బార్సిలోనా నగరమునకు సంబంధించినది. 1981 మొదలు 1987 వరకు ఆ నగరమున కొన్ని కొన్ని దినములలో హఠాత్తుగా పెక్కుమంది జనులు ఆయాసముతో ఆసుపత్రులకు పరుగెత్తుచుండిరి. కొందరు మరణించిరి. వైద్యులు ఆసుపత్రి పుస్తకములను, రేవులో సరకు దిగిన దినముల పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి సరిచూచిరి. సోయాచిక్కుడు గింజలు ఓడలనుండి దిగిన దినములలోనే ఈ ఉపద్రవము కలుగుచున్నదని తేలెను. గింజలు నిలువచేయు గాదెకు ధూళిని పట్టు వడపోత లేదు. ఆ వడపోతలను అమర్చిన పిమ్మట ఉపద్రవము శాంతించినది. రెండు లెక్కల పుస్తకములను ఒకచోట చేర్చి చూచుటవలన ఒక నగరము ఊపిరి పీల్చుకొన్నదన్నమాట! లెక్కలు వ్రాయువారు తమ వృత్తిని చిన్నచూపు చూడనక్కరలేదని నాకు దీనివలన తెలిసినది.

ఇట్టిదే మరియొక లెక్క కలదు. 1959లో మార్టిను రైటు అను ఆంగ్లేయుడు మనుష్యుడు ఎంత వేగముగా ఊపిరిని ఊదగలడో కొలుచు సాధనమును కల్పించెను. దానిని పీక్ ఫ్లో మీటరు అందురు. తరువాత అది చేతిలో పట్టు చిన్న గొట్టముగా మారినది. రోగి దినమునకు నాలుగుసారులకు తక్కువ కాకుండ దానిలో ఊది, వచ్చిన అంకెను వ్రాసికొనవలెను. పనిదినములలోను వ్రాయవలెను, సెలవుదినములలోను వ్రాయవలెను. ఇట్లు మూడు నాలుగు వారములు వ్రాసినచో, పనిదినములలో అంకె పడిపోవుచున్నదా, సెలవులలో లేచుచున్నదా యను సంగతి వైద్యునకు స్పష్టమగును. ఇది ఊపిరి చిట్టా. ధనపు చిట్టా వ్రాయగలవాడెవ్వడైనను దీనిని వ్రాయగలడు. పనిచోటు కారణమని తేలకముందే తొందరపడి జీవనోపాధిని వదలుకొనుట మంచిది కాదు. తేలిన పిమ్మట ఆలస్యము చేయుట అంతకంటె మంచిది కాదు. పీల్చుమందులు బాధను తగ్గించును గాని, ధూళిని పీల్చుచునే యున్నచో వ్యాధి లోలోపల ముదురును. తొలి సంవత్సరములలోనే ఆ ధూళికి దూరమైనవారిలో చాలమంది బాగుపడుదురు. ఆలస్యమైనచో పని మానిన తరువాత కూడ వ్యాధి విడువకపోవచ్చును. పెద్దవయస్సువారికి వచ్చు ఉబ్బసములో 100 మందిలో సుమారు 15 మందికి పనిచోటు కారణమని అమెరికా వైద్యసంఘ మొకటి 2003లో అంచనా వేసినది.

ఇక నా చిట్టాకు మరల వత్తును. వైద్యచరిత్రను గూర్చిన పుస్తకమొకటి మన గ్రంథాలయమునకు వచ్చినపుడు రామజ్జీనీ కథను నేను చదివితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిల్లు పని మానుకొని వచ్చునపుడు నా వ్రాత పట్టీల నకళ్లు కొన్ని తెచ్చుకొనియుంటిని. వానిని విప్పి చూచితిని. ఆ మనిషి నాగాలలో పెక్కు శుక్ర, శనివారములలో పడియున్నవి. సంక్రాంతి సెలవుల తరువాతి నాలుగు దినములలో ఏ యేటను నాగా లేదు. కుమార్తె వివాహమునకై పది దినములు పొరుగూరిలో నుండి వచ్చిన వారమునను లేదు. ధాన్యము లేక మిల్లు మూసిన నెలలలో అతడు సుఖముగా నుండెడివాడు. ఎండ అతనికి పడునని మేమందరము అనుకొనెడివారము. రోగము నా చేతివ్రాతలోనే నా కన్నుల యెదుట నున్నది. నేను దానికి సోమరితనమని పేరు పెట్టితిని. మనుష్యుల పాపపుణ్యములను వ్రాయు చిత్రగుప్తుడు ఆ పట్టీని ఎవరి ఖాతాలో వ్రాసికొనెనో నేనూహింపగలను.

మరునాడు అతని యింటికి పోయి ఈ విషయమంతయు చెప్పితిని. అప్పటికే అతడు మిల్లు మానివేసి మూడేండ్లయినది. అతడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట "అయితే నేను పని దొంగను కాదన్నమాట గుమాస్తాగారూ" అనెను. రోగము పోయినదని గాని, కూలి తిరిగి వచ్చునని గాని అతడాశింపలేదు. ఆ ఒక్క మాటయే అతనికి కావలసియుండెను. ఆలస్యముగా మానివేయుటచే అతని ఊపిరి పూర్తిగా తిరిగి రాలేదు. నేటికిని ప్రతి సాయంకాలము మన గ్రంథాలయమునకు వచ్చును. మెట్లెక్కుచు నడుమ నొకసారి నిలుచును. పేరు వ్రాయకుండ తన కథను వ్రాయుటకు అతడే నాకు సెలవిచ్చెను.

మన చుట్టుప్రక్కల నేడును మిల్లులు కలవు. తవుడు ఎత్తు స్త్రీలు, ఊక మోయు యువకులు, పొగాకు బేళ్లు కట్టువారు, మిరపకల్లములలో పనిచేయువారు కలరు. వారు మూతికి కట్టుకొను తువాలు పెద్ద రేణువులను ఆపును గాని, లోతునకు పోవు సన్నని ధూళిని ఆపజాలదు. ధూళిని పుట్టినచోటనే పట్టవలెను. జల్లెడలకు మూతలు, ధూళిని లాగు గొట్టములు, వడపోత సంచులు అమర్చుట మిల్లువారి ధర్మము. చీపురుతో ఊడ్చి ధూళిని లేపుటకంటె, పీల్చు యంత్రముతో తీయుట మేలు. తుమ్ములు, ముక్కు కారుట మొదలైనపుడే మేలుకొనుట పనివారి జాగ్రత్త. సెలవులో తగ్గి పనిలో హెచ్చు ఆయాసమును వైద్యునకు చెప్పుట, అతడడుగకున్నను "నేను ఈ పని చేయుదును" అని తామే చెప్పుట వారి హక్కు.

1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన నాటినుండి మన పెద్దలు గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగా భావింపలేదు, గ్రామమునకు వెలుగుగా భావించిరి. ఆ భావము ననుసరించి ఈ రజతోత్సవ వేళ నాదొక చిన్న విన్నపము. మన గ్రంథాలయము రెండు పీక్ ఫ్లో మీటర్లను కొని, ఒక్కొక్కదానితో ఒక గీతల పుస్తకమును చేర్చి, ఊదు మూతి మాత్రము ప్రతివారికి క్రొత్తది యిచ్చుచు, కావలసినవారికి పుస్తకములవలెనే నెల దినములకు ఎరువిచ్చినచో బాగుండును. అంకెలు వ్రాయుట రానివారికి ప్రతి సాయంకాలము నేను వ్రాసిపెట్టుదును. ఈసారి అర్థము గ్రహించియే వ్రాయుదును.

స్వస్తి.